ఆర్డరుకీ ఆర్డరుకీ మధ్య ఖాళీ: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,

నమస్కారం. హైదరాబాద్ బాలానగర్‌లో నాకొక చిన్న మెషిన్ షాపు ఉంది. విమాన పరిశ్రమకు కావాల్సిన చిన్నచిన్న లోహపు భాగాలను పెద్ద కంపెనీల దగ్గర జాబ్ వర్కుగా తీసుకుని చేసిస్తుంటాం. యుద్ధ విమానాల గురించి మీకు ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత అంతే. వ్యూహాలు, దౌత్యం నాకు తెలియవు. ఢిల్లీలో సంతకమైన ఆర్డరు వస్తువుగా మారేలోపు కింద ఏం జరుగుతుందో మాత్రం రోజూ చూస్తుంటాను.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పిన సభకు మీరే ముఖ్య అతిథి. 1963లో మన వైమానిక దళంలో చేరిన విమానం అది. అవి వెళ్లిపోయాక మనకు మిగిలిన ఫైటర్ స్క్వాడ్రన్లు, అంటే యుద్ధ విమానాల దళాలు, 29. ఉండాల్సినవి 42. సరిగ్గా ఆ ముందు రోజే మీ శాఖ మన దేశంలోనే తయారయ్యే యుద్ధ విమానం తేజస్‌లో మార్క్-1ఏ రకం 97 విమానాలకు 62,370 కోట్ల రూపాయల ఒప్పందం మీద సంతకం చేసింది. సంతోషం. ఆ వార్త చూసి మా వీధిలో స్వీట్లు పంచినవాళ్లు కూడా ఉన్నారు. పక్క షాపు పెద్దాయన మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టి, ‘దీని తర్వాతది ఎప్పుడట?’ అన్నాడు. ఈ ఉత్తరంలో నేను అడగబోయేది కూడా అదే.

టీవీ చర్చల్లో ఎప్పుడూ ఒకటే కొట్లాట. ఒకాయన ఫ్రాన్స్ విమానం రఫేల్ కొనమంటాడు, ఇంకొకాయన తేజస్ ఉండగా అదెందుకంటాడు. నా లెక్కలో రెండూ కావాల్సిందే. పదమూడు స్క్వాడ్రన్ల లోటు పూడ్చడం ఒక్క ఫ్యాక్టరీ వల్ల అయ్యే పని కాదు. మనల్ని దెబ్బతీస్తున్నది విదేశీ విమానమా, స్వదేశీ విమానమా అన్నది కాదండీ, ఒక ఆర్డరుకీ ఇంకో ఆర్డరుకీ మధ్య మనం వదిలేస్తున్న ఖాళీ.

తేజస్ సంగతే చూడండి. 1983లో మంజూరైన ప్రాజెక్టు. 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది. 2006లో 20 విమానాలకు ఆర్డరు, 2010లో ఇంకో 20కి. ఆ తర్వాత కొత్త ఆర్డరు మీద సంతకం పడింది 2021 ఫిబ్రవరిలో, 83 విమానాలకు. అంటే మధ్యలో పదేళ్లకు పైగా ఖాళీ. ఆ 83 విమానాలకు రక్షణ కొనుగోళ్ల మండలి పచ్చజెండా ఊపింది 2016లో, టెండరు పత్రం వెళ్లింది 2017 డిసెంబర్‌లో. అక్కడి నుంచి సంతకానికి మూడేళ్లు దాటింది. ఫైలు మీద ఫైలు తిరిగింది.

ఈలోగా ఇంజన్ దగ్గర ఏమైందో గుర్తుందా? తేజస్‌కు వాడే ఎఫ్-404 ఇంజన్లు ఆలస్యమయ్యాయని అమెరికా కంపెనీ జీఈని మనవాళ్లందరూ తిట్టారు. నేనూ తిట్టినవాడినే, కోవిడ్ తర్వాత వాళ్ల సరఫరా గొలుసు గాడి తప్పిన మాటా నిజమే. కానీ ఆ కంపెనీ చెప్పిన ఇంకో సంగతి మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. మనం మొదట అడిగిన 65 ఇంజన్లనూ వాళ్లు 2016కల్లా ఇచ్చేశారు. చేతిలో కొత్త ఆర్డరు లేదు కాబట్టి ఆ తయారీ లైన్ మూసేశారు. మనం మళ్లీ 99 ఇంజన్లు కావాలన్నది 2021లో. ఐదేళ్లు మూతపడ్డ లైన్‌ను తెరవాలి, వాళ్ల కింద భాగాలు చేసే షాపులను మళ్లీ వెతికి పట్టుకోవాలి. ఆ 99లో మొదటి ఇంజన్ మన చేతికి వచ్చేసరికి 2025 మార్చి. 2024 మార్చికల్లా రావాల్సిన తొలి మార్క్-1ఏ ఆ ఏడాది రాలేదు, మరుసటి ఏడాదీ రాలేదు. ఒప్పందంలో రాసుకున్న తేదీకి పూర్తయిన ప్రాజెక్టు ఒక్కటి కూడా గుర్తుకు రావడం లేదని వైమానిక దళాధిపతి ఏపీ సింగ్ గారు 2025 మేలో అందరి ముందే అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆ ఆలస్యంలో ఢిల్లీ వాటా ఎంత అన్నదే నా బాధ.

మా స్థాయిలో ఖాళీ అంటే ఏమిటో చెప్తాను. విమానానికి పోయే భాగం ఏదైనా సరే, మొదటి పీస్ చేసినప్పుడు దాని డ్రాయింగ్‌లో ఉన్న ప్రతి కొలతకూ ఒక నంబరు వేస్తాం. రంధ్రం వ్యాసం, అంచు వంపు, ఉపరితలం నునుపు, ఏదీ వదలకూడదు. ఒక్కోటీ కొలిచి, పక్కన అంకె రాసి, లోహం ఏ ఫర్నేస్ నుంచి వచ్చిందో ఆ కాగితం జతచేసి పంపాలి. అరచేతిలో ఇమిడే బ్రాకెట్‌కు తయారయ్యే ఫైలు ఆ బ్రాకెట్ కంటే మందంగా ఉంటుంది. అది పాసయితేనే మిగతా పీసులు మొదలుపెట్టాలి. రెండేళ్లు ఆ భాగం చేయకుండా ఆగామా, ఈ తతంగమంతా మళ్లీ మొదటికొస్తుంది. నియమం అలా ఉంది, ఉండాలి కూడా, పైలట్ ప్రాణం కదా. కానీ ఆ రెండేళ్లలో ఆ జాబ్ చేసిన కుర్రాడు కార్ల విడిభాగాల కంపెనీలో చేరిపోయి ఉంటాడు. ఆ పీస్‌ను బిగించి పట్టుకునే ఫిక్చర్ మూలన తుప్పు పట్టి ఉంటుంది. మళ్లీ ఆర్డరు వచ్చిందని ఫోన్ చేస్తే ఆ కుర్రాడు, ‘సార్, ఈసారి ఎన్నాళ్లుంటుంది?’ అని అడుగుతాడు. నా దగ్గర జవాబుండదు.

ఇంజన్లలో వాడే నికెల్ మిశ్రమాలను కోసేటప్పుడు మా దగ్గర ఒక నియమం ఉంది. కోత మధ్యలో టూల్ ఆగకూడదు. ఒక్క క్షణం ఆగి రుద్దుకుందా, అక్కడ లోహం పైపొర గట్టిపడిపోతుంది. మళ్లీ మొదలుపెట్టగానే ఇన్సర్ట్, అంటే టూల్‌కు బిగించే కోత ముక్క, సరిగ్గా అక్కడే విరుగుతుంది. మన దేశం యుద్ధ విమానాలు తయారు చేసే తీరు చూస్తే నాకు ఆ విరిగిన ఇన్సర్టే గుర్తొస్తుంది.

ఇది తేజస్‌తో మొదలైన జబ్బు కాదు. మారుత్ అనే విమానం ఉండేది. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ ఆధ్వర్యంలో బెంగళూరులో రూపొంది, 1961 జూన్ 17న ఎగిరింది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. దానికి కావాల్సినంత శక్తిమంతమైన ఇంజన్ మాత్రం ఎప్పుడూ దొరకలేదు. ఉన్న చిన్న ఇంజన్లతోనే 147 విమానాలు చేశారు. 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దులో అవి పోరాడాయి కూడా. ఆ తర్వాత? దాని వెనుక ఇంకో డిజైన్ రాలేదు. ఆ పని నేర్చినవాళ్లు చెల్లాచెదురయ్యారు. తేజస్ మొదలుపెట్టినప్పుడు దాదాపు ఓనమాల నుంచి దిద్దుకోవాల్సి వచ్చింది.

తేజస్ కోసం మనమే చేయబోయిన కావేరి ఇంజన్‌దీ అదే కథ. 1989లో మంజూరైంది. థ్రస్ట్ (విమానాన్ని ముందుకు నెట్టే శక్తి) చాలక, బరువు ఎక్కువై, 2008లో తేజస్ నుంచి దాన్ని విడదీశారు. విడదీయడం తప్పనను, విమానం ఇంజన్ కోసం ఆగలేదు. కానీ ఆ ఇంజన్‌ను ఆకాశంలో పరీక్షించడానికి మనవాళ్లు 2010లో రష్యా పోయి, వాళ్ల ఇల్యూషిన్ విమానానికి దాన్ని తగిలించుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఇంజన్లను పరీక్షించే విమానం ఒక్కటీ లేకపోవడమే కారణం. వేరే దేశంలో వంతు కోసం నిలబడి చేసే పరీక్షకు, ఇంటి దగ్గర సాయంత్రం ఫెయిలై పొద్దున్నే మళ్లీ చేసే పరీక్షకు ఎంత తేడా ఉంటుందో లేత్ ముందు నిలబడ్డ ఎవరినడిగినా చెప్తారు.

మనకు చేతకాదనే మాట నేను ఒప్పుకోను. ఫైటర్ ఇంజన్ టర్బైన్‌లోకి వచ్చే గాలి వేడికి బ్లేడు లోహం కరిగిపోవాలి. కరగకుండా కాపాడేది దాని లోపల సన్నటి దారుల్లో పారే చల్లగాలి, బ్లేడు మొత్తాన్నీ ఒకే స్ఫటికంగా పోతపోసే విద్య. ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన దేశాలకే అది వచ్చు. మా ఊళ్లోనే, కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ అలాంటి బ్లేడ్లు 60 చేసి హెలికాప్టర్ ఇంజన్ కోసం ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అప్పగించింది, 2021లో. ఫైటర్ ఇంజన్ అంతకంటే కష్టం, నిజమే. కానీ 60 చేసిన చేతులకు 600 చేసే పని పడకపోతే అక్కడా మా కుర్రాడి కథే అవుతుంది.

ఇప్పుడు మంచి రోజులే వచ్చాయి. రఫేల్ శరీర భాగాలు హైదరాబాద్‌లో చేయడానికి ఆ విమానం తయారుచేసే దసో కంపెనీ, టాటా 2025 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. తేజస్ మధ్య భాగాన్ని ఇక్కడి వెమ్ టెక్నాలజీస్ చేస్తోంది. శంషాబాద్‌లో ఫ్రాన్స్ ఇంజన్ల కంపెనీ శాఫ్రాన్ మరమ్మతు కేంద్రం 2025 నవంబర్‌లో మొదలైంది, రఫేల్ ఇంజన్ల మరమ్మతుకూ అక్కడే శంకుస్థాపన జరిగింది. ఇవన్నీ మాకు పని, కాదనను. కానీ రిపేరు వచ్చినంత మాత్రాన తయారీ వచ్చేయదు సార్. విడిభాగం పెట్టెలో వస్తుంది, మనం బిగిస్తాం. ఆ లోహానికి ఆ మోతాదు ఎందుకు, ఆ పూత ఎన్ని మైక్రాన్లు ఎందుకు అన్నది పెట్టెలో రాదు. మనం రూపొందిస్తున్న ఐదో తరం విమానం ఆమ్కా కోసం ఇంజన్‌ను శాఫ్రాన్‌తో కలిసి ఇక్కడే అభివృద్ధి చేస్తామని 2025 ఆగస్టులో మీరు ప్రకటించారు. ఆ ‘ఎందుకు’లన్నీ మన చేతికి వచ్చేలా ఒప్పందం రాయించగలిగేది మీరే.

దుబాయ్‌లో 2025 నవంబర్ 21న తేజస్ కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ గారు ప్రాణాలు కోల్పోయిన రోజు మా షాపులో ఎవరికీ పని మీద మనసు నిలవలేదు. మాకొచ్చిన టెన్షన్ ఏమిటంటే, ఆ బాధ మీద ఇంకో విరామం వచ్చి పడుతుందేమోనని. విచారణ లోతుగా జరగాలి, లోపం ఉంటే దిద్దాలి. లైన్ మాత్రం ఆగకూడదు.

రఫేల్ దగ్గరా ఈ ఖాళీయే. 2007లో 126 విమానాలకు టెండరు పిలిచాం, 2012లో రఫేల్‌ను ఎంచుకున్నాం, చివరికి 2016లో 36 కొన్నాం. మళ్లీ సుమారు 110 కావాలని కంపెనీలను సమాచారం అడిగింది 2018లో. కొనే దేశం ఇన్నిసార్లు మనసు మార్చుకుంటుంటే అమ్మేవాడు ధరలోనే ఆ అనుమానాన్ని కలిపేస్తాడు. బజారులో ఎవరైనా చేసే పనే అది.

నా విన్నపాలు పెద్దవేం కావు. తేజస్ మార్క్-1ఏలు 83, 97 కలిపి 180. ఆఖరిది బయటికి రాకముందే, ఆ లైన్ మీద తర్వాత ఏ విమానం ఎక్కుతుందో, దాని ఒప్పందం ఏ ఏడాది సంతకమవుతుందో ఇప్పుడే చెప్పండి. గడువు దాటితే ఎందుకు దాటిందో ఏటా పార్లమెంటుకు చెప్పండి, తప్పు కంపెనీదైనా, మీ ఆఫీసుదైనా. ఇంజన్లను పరీక్షించే విమానం ఒకటి మన దేశంలోనే సిద్ధం చేయించండి. ఆమ్కా కోసం చేసే ఇంజన్ వచ్చేసరికి కూడా మన ఇంజనీర్లు వీసా పట్టుకుని తిరుగుతుంటే అది మన వైఫల్యమే.

ఇక చివరిది మా కడుపు సంగతి. చిన్న పరిశ్రమల బిల్లులు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి చట్టమే చెబుతోంది. పేరు చెప్పను గానీ, ఒక పెద్ద సంస్థకు మేం సరుకిచ్చి, ఇన్‌స్పెక్షన్ పాసై, బిల్లు కోసం నెలల తరబడి తిరిగాం. ‘పైనుంచి మాకే రాలేదు’ అన్నారు. బ్యాంకుకు వడ్డీ మాత్రం పైనుంచి వచ్చేదాకా ఆగదు. ఇలాంటి రెండు బిల్లులతో మూతపడ్డ షాపులు మా వీధిలోనే ఉన్నాయి. వాటి షట్టర్ల వెనక విమాన భాగాలు చేయడం వచ్చిన మెషిన్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ షాపులవాళ్లను వెనక్కి పిలవాలంటే చేతిలో ఆర్డరు కాపీ ఉండాలి.

మీ జవాబు హిందీలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా చదివించుకుంటాం. అందులో తేదీలుంటే చాలు.

ఇట్లు,
బాలానగర్, హైదరాబాద్ నుంచి
ఒక చిన్న మెషిన్ షాపు యజమాని