గ్రాండ్ టర్క్‌లో దిగే రోజు

టాంపా
జనవరి 6

అమ్మలూ,

నువ్వు పంపిన ఓడ కాగితాలు మీ అమ్మా నేనూ రాత్రి భోజనాలయ్యాక కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాం. మీ అత్తయ్యగారూ మామయ్యగారూ చీరాల నుంచి వచ్చి రెండు నెలలు కాలేదు, అప్పుడే వాళ్ళను సముద్రం మీదికి తీసుకెళ్తున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. ఫిబ్రవరి మంచి నెల కూడాను. మూడో రోజుకు ఎదురుగా, కరీబియన్ వైపు టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో ఒకటైన గ్రాండ్ టర్క్ అన్న పేరు కనిపించేసరికి ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఫోనులో చెబితే సగం మాటలు జారిపోతాయి. కాగితం మీద ఉంటే ఓడలో కూడా తీసి చూసుకోవచ్చు.

"అది ఉట్టి బీచ్ దీవి నాన్నా, కుర్చీలు అద్దెకు తీసుకుని పొద్దుటి నుంచీ అక్కడే ఉంటాం" అన్నావు మొన్న. బీచ్ ఉంది, నీళ్ళు అద్దంలా ఉంటాయి, కాదనను. కానీ అమ్మా, అది ఉప్పు పండించిన దీవి. దాదాపు మూడు వందల ఏళ్ళు ఆ నేల బతికిందే ఉప్పు మీద. మీ మామయ్యగారిని అంత దూరం తీసుకెళ్ళి ఆ ఉప్పు మడులు చూపించకుండా వెనక్కి తీసుకురావద్దు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ముందు ప్రయాణం సంగతులు. మేం అక్కడికి రెండు సార్లు వెళ్ళాం, ఒక్కసారే దిగగలిగాం. మొదటిసారి ఓడ దీవి దగ్గర దాకా వచ్చింది, జెట్టీ కళ్ళకు కనిపిస్తూనే ఉంది, గాలి ఉధృతంగా ఉందని కెప్టెన్ పక్కకు తిప్పేశాడు. చలికాలంలో అక్కడ అలా జరుగుతూ ఉంటుంది. అతను చేసింది సరైన పనే, అంత పెద్ద ఓడను గాలిలో జెట్టీకి ఆనించడం చిన్న విషయం కాదు. నష్టపోయింది మేమే. బయట టూరు వాళ్ళకు ముందుగా కట్టిన డబ్బు తిరిగి రాలేదు. ఓడ వాళ్ళ దగ్గరే తీసుకున్న టూరైతే, ఓడ ఆగనప్పుడు డబ్బు వెనక్కి ఇస్తారు. బయట తీసుకుంటే ఆ షరతు రాతలో ఉందో లేదో చూసి తీసుకో. అసలు ముందుగా ఏమీ కట్టకుండా వెళ్ళినా ఫర్వాలేదు, దిగాక టాక్సీలు దొరుకుతాయి.

ఆ దీవి గొప్ప సౌకర్యం ఏమిటంటే, చిన్న పడవల్లోకి దిగి వెళ్ళనక్కర్లేదు. ఓడ నేరుగా జెట్టీకి ఆనుకుంటుంది. మెట్లెక్కి దిగే పని లేదు కాబట్టి మీ అత్తయ్యగారి మోకాళ్ళకు ఇబ్బంది ఉండదు, నిదానంగా నడిస్తే చాలు. బీచ్ జెట్టీ పక్కనే. మధ్యాహ్నం భోజనానికి మళ్ళీ ఓడలోకి వెళ్ళి, తిని, దిగి రావచ్చు. శాకాహారులతో వెళ్ళేటప్పుడు ఇది ఎంత సుఖమో అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది. ఓడలోంచి పండ్లు, వండిన పదార్థాలు కిందికి తీసుకెళ్ళనివ్వరు, అందుకని పులిహోర డబ్బా ఆలోచన మానుకో. సీలు విప్పని బిస్కెట్ ప్యాకెట్లు, మంచినీళ్ళు పెట్టుకుంటే చాలు.

గడియారం విషయం గట్టిగా చెబుతున్నాను. ఓడ ఏ టైము చెబితే అదే టైము. ఫోను తనంతట తాను టైము మార్చుకుంటుంది, దాన్ని నమ్మవద్దు. మామయ్యగారి చేతి గడియారాన్ని ఓడ టైముకు సరిచేసి, ఆ రోజుకు ఆయన్నే కాలానికి పెద్దను చెయ్యి. బయలుదేరే వేళకు అరగంట ముందే అందరూ ఎక్కి ఉండాలంటారు. మీరు దానికి ఇంకో గంట ముందే జెట్టీ దగ్గర ఉండండి. పెద్దవాళ్ళ పాస్‌పోర్టులు ఓడ గదిలో లాకర్‌లో పెట్టి, వాటి ఫోటోలు నీ ఫోనులో ఉంచుకో. వాళ్ళు తిరిగి అమెరికాలో అడుగు పెట్టాలి కదా, వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో ఇవాళే అల్లుడుగారిని చూడమను.

ఇక రోజు ఎలా గడపాలో చెబుతాను. ఆ దీవి పొడవు పదకొండు కిలోమీటర్లకు మించదు, వెడల్పు రెండు రెండున్నర. జనం సుమారు అయిదు వేలు. ఒకే రోజు రెండు ఓడలు వచ్చాయంటే ఊరి జనాభా కన్నా వచ్చిన జనమే ఎక్కువ! మీ రోజున ఎన్ని ఓడలున్నాయో ముందే చూసుకో. రెండుంటే తొందరగా దిగండి. జెట్టీ పక్కన బీచ్ తొమ్మిదిన్నర దాటితే సంతలా అవుతుంది. అక్కడ ఆగకుండా ఒడ్డు వెంట ఉత్తరంగా ఇరవై నిమిషాలు నడిస్తే గవర్నర్స్ బీచ్ వస్తుంది. నడవలేని వాళ్ళను టాక్సీలో పంపు. అక్కడ నీడ ఉంది, అదీ ఏ చెట్ల నీడ అనుకున్నావు? సరుగుడు చెట్లు! వాడరేవు దారిలో మనం చూసే సరుగుడు తోటలే. గాలికి అదే హోరు. మీ అమ్మ ఆ చెట్టు కింద కూర్చుని కళ్ళు మూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. (ఆ చెట్లు అక్కడివి కావు, ఎక్కడి నుంచో వచ్చి పాతుకుపోయి స్థానిక మొక్కలను చంపేస్తున్నాయని అక్కడి వాళ్ళకు బాధ. అదీ న్యాయమే.)

మనవడు బుజ్జిగాడికి నీళ్ళలో చేపలు చూపించు. ఒడ్డు నుంచి కాస్త దూరం వరకే లోతు తక్కువ. ఆ తర్వాత నేల ఒక్కసారిగా గోడలా తెగి వేల అడుగుల లోతుకు పోతుంది. లేత నీలం ఉన్నట్టుండి ముదురు నీలంగా మారే గీత కనబడుతుంది, ఆ గీత దాకా వాణ్ణి పోనివ్వద్దు. పగడపు దిబ్బల మీద కాలు పెట్టవద్దని ముందే చెప్పు. అది రాయి కాదు, ప్రాణమున్నది. కాళ్ళకు రబ్బరు చెప్పులు వేయించు.

పదకొండు అయ్యేసరికి తల తుడుచుకుని టాక్సీ మాట్లాడుకోండి. ఎక్కే ముందే రేటు అడగాలి, అది మనిషికా, బండికా అని కూడా అడగాలి. అక్కడ చెల్లేది అమెరికా డాలరే. అది బ్రిటిష్ వాళ్ళ ఏలుబడిలోని దీవి కాబట్టి బండ్లు మన దేశంలో లాగే ఎడమ వైపు నడుస్తాయి, రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త. కాక్‌బర్న్ టౌన్‌కు అని చెప్పండి, ఉప్పు మడుల పక్క నుంచి పొమ్మనండి.

ఆ మడులు చూడగానే నాకు చినగంజాం గుర్తొచ్చింది అమ్మా. రాతి గట్లు కట్టి, గళ్ళు గళ్ళుగా విడదీసిన నీళ్ళు. సముద్రపు నీటిని తూము ఎత్తి మొదటి చెరువులోకి వదిలేవారు. ఎండకు చిక్కబడ్డ కొద్దీ మడి నుంచి మడికి మళ్ళించేవారు, కొన్ని చోట్ల గాలిమరలతో తోడేవారు. చివరి మడిలో ఉప్పు తేలితే పలకలతో లాగి రాశులు పోసేవారు. మా నాన్న చేసిందీ అదే. మడి నేలను కాళ్ళతో తొక్కి తొక్కి గట్టిపరిచేవాడు. రాశి మీద తాటాకు కప్పేవాడు. వేసవి నడిమధ్యన ఒక్క వాన పడితే నెల రోజుల కష్టం కరిగిపోయేది, ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినేవాళ్ళు కాదు. నీకు మీ తాతయ్య ముసలితనమే తెలుసు. ఆయన పాదాలు పగుళ్ళతో బీడు నేలలా ఉండేవి. చిన్నప్పుడు నువ్వు వాటి మీద వేలు పెట్టి "ఇవేంటి" అని అడిగేదానివి.

కానీ రెండూ ఒకటి కాదు. ఈ తేడాను నువ్వు బుజ్జిగాడికి దాచకుండా చెప్పాలి. 1680ల నాటికే బెర్ముడా నుంచి వచ్చిన తెల్లవాళ్ళు ఆ దీవుల్లో ఉప్పు తీయడం మొదలుపెట్టారు. చెట్లుంటే వాన వస్తుందని దీవి మీది చెట్లను కొట్టించారంటారు. తర్వాత్తర్వాత పనంతా ఆఫ్రికా మూలాల బానిసల చేత చేయించారు. బెర్ముడాలో పుట్టిన మేరీ ప్రిన్స్ అనే ఆమెను అలాగే ఇక్కడికి పంపారు. తెల్లవారక ముందే మోకాళ్ళ దాకా ఉప్పునీళ్ళలోకి దిగాలి, కాళ్ళకు పుండ్లు పడి ఎముక దాకా తినేసేవి, అయినా ఆగకూడదు. ఆమె తర్వాత లండన్ చేరి తన కథ చెబితే 1831లో అచ్చయింది. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం పోయింది 1834లో. అక్కడ తీసిన ఉప్పు ఉత్తర అమెరికాకు పోయేది, చేపలూ మాంసమూ ఊరబెట్టడానికి. ఆ ఉప్పు చేపల్లో నాసిరకం మళ్ళీ ఈ దీవుల్లోని బానిసల కంచాల్లోకే వచ్చేది. మా నాన్న పేదవాడే, ఉప్పు ధర దళారి చెప్పినంతే. కానీ సాయంత్రానికి ఇంటికి వచ్చేవాడు, మేం ఆయన పిల్లలమే, ఇంకెవరి సొత్తూ కాదు. ఆ మడుల గట్టు మీద నిలబడి నేను అదే అనుకున్నాను.

ఉప్పు పని అక్కడ 1960ల ప్రాంతంలో ఆగిపోయింది. ఇప్పుడు మడుల్లో కొంగలు దిగుతాయి, అదృష్టం ఉంటే ఫ్లెమింగోలు కనబడతాయి. పులికాట్‌లో మామయ్యగారు చూసే ఉంటారు. రోడ్ల మీద గాడిదలు తిరుగుతూ ఉంటాయి. ఉప్పు బండ్లు లాగిన గాడిదల సంతానమే అవి, పని పోయాక వాటిని వదిలేశారు. బుజ్జిగాడు వాటి వెంట పడతాడు, వెనక కాళ్ళ వైపు వెళ్ళనివ్వద్దు. మడి పేరూ గట్టు పేరూ చెప్పి, అక్కడే వాడికి వివరించమని మామయ్యగారిని అడుగు. 1930లో ప్రకాశం పంతులుగారు దేవరంపాడులో నడిపించిన ఉప్పు సత్యాగ్రహం గురించి ఆయన చెబితే వినాలి, నేను ఆయన నోట రెండు సార్లు విన్నాను.

ఊళ్ళో ఫ్రంట్ స్ట్రీట్‌లో మ్యూజియం ఉంది. చిన్నదే, అరగంట చాలు. రాకెట్ల పిచ్చి ఉన్న మనవడికి ఇంకో సంగతి: 1962 ఫిబ్రవరి 20న భూమి చుట్టూ మూడు సార్లు తిరిగి సముద్రంలో దిగిన అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్‌ను ముందుగా తీసుకొచ్చింది ఈ దీవికే. ఆయన వెళ్ళిన అంతరిక్ష నౌక నమూనా జెట్టీ దగ్గరే ఉంది, ఫోటో అక్కడ తీసుకోవచ్చు. లైట్‌హౌసు ఉత్తరపు కొసన ఉంది, టైము చాలకపోతే వదిలెయ్యండి. తిమింగలాలు మాత్రం వదలవద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా దీవి పక్కనున్న జలసంధి గుండానే పోతాయి, ఓడ బయలుదేరాక పైన డెక్ మీద నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉండండి.

అక్కడి వాళ్ళతో మర్యాదగా మాట్లాడండి. ముందు "గుడ్ మార్నింగ్" అన్నాకే ఏదైనా అడగాలి, అది వాళ్ళ పద్ధతి. 2008లో ఐక్ తుపాను ఆ దీవిలో ఇళ్ళ మీద కప్పులు మిగల్చలేదు, 2017లో మళ్ళీ ఇర్మా వచ్చింది. మాకు టాక్సీ నడిపిన పెద్దాయన ఆ రాత్రుల గురించి చెబుతుంటే, 1977 నాటి దివిసీమ ఉప్పెన గురించి మీ అమ్మ ఆయనకు చెప్పింది. ఇద్దరూ బండి ఆపుకుని మాట్లాడుకున్నారు.

ఓడ ఎక్కగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించు, సముద్రం మీద సెల్ చార్జీలు దారుణంగా పడతాయి. మామయ్యగారి బీపీ మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి.

మా స్నార్కెల్ మాస్కులు రెండూ రేపు పోస్టులో పంపిస్తున్నాను, చిన్నది బుజ్జిగాడికి. వాడి ముఖానికి సరిగ్గా అంటుకుంటుందో లేదో స్నానాల తొట్టిలో ఒకసారి పెట్టి చూడు. నీళ్ళు లోపలికి కారుతుంటే వెంటనే చెప్పు, ఇంకోటి కొని పంపడానికి ఇంకా టైముంది.

నాన్న