విద్యాశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

బడిలో ఆడపిల్లలకు నెలసరి గురించి చెప్పించాలని, బాత్రూంలు బాగుచేయించాలని మీ కార్యాలయానికి ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాను. జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను.

నాకు 11 ఏళ్లప్పుడు లెక్కల క్లాసులో మొదటిసారి నెలసరి వచ్చింది. యూనిఫాం మీద మరక చూసి, చచ్చిపోతానేమో అనుకున్నాను. లేచి నిలబడలేక చివరి గంట దాకా బెంచీకి అతుక్కుని కూర్చున్నాను. బాత్రూం తలుపుకు గడియ లేదు, కుళాయిలో నీళ్లు లేవు. తర్వాత రెండు నెలలు రాలేదు. జబ్బే అనుకుని ఆ టెన్షన్ ఎవరికీ చెప్పుకోలేదు. మొదట్లో ఒకటి రెండేళ్లు అలా క్రమం తప్పడం మామూలేనని ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. అమ్మను తప్పు పట్టను, ఆమెకూ ఎవరూ చెప్పలేదు.

ఆడపిల్లల శరీరంలో మార్పులు సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య మొదలవుతాయి. రొమ్ములు ఎదగడం మొదలైన సుమారు రెండు మూడేళ్లకు నెలసరి వస్తుంది. మాకు ఆ పాఠం వచ్చింది పై తరగతిలో. అదీ "ఇంట్లో చదువుకోండి" అని టీచరు దాటేశారు.

నా కూతురికి ఇప్పుడు 9 ఏళ్లు. అదే బడిలో చదువుతోంది. ఆ తలుపుకు ఇప్పటికీ గడియ లేదు.

9 ఏళ్లు నిండిన పిల్లలందరికీ, మగపిల్లలతో సహా, ఈ విషయాలు తరగతిలో చెప్పించండి. ప్రతి బడి బాత్రూంలో గడియ, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట ఉండేలా చూడండి. ఎప్పటిలోగా చేస్తారో 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి