‘ఏలియన్ 3’ టికెట్ డబ్బులు, కొత్త హాలు సంగతి

మా ఆదివారం ప్రేక్షకులకు నమస్కారం.

గ్రహాంతర జీవి మనుషులను వేటాడే హాలీవుడ్ సినిమా ‘ఏలియన్ 3’ చూసినవారిలో కొందరు టికెట్ డబ్బులు తిరిగి అడుగుతున్నారు. ఇవ్వడం లేదు. గంటస్తంభం దగ్గర పెట్టిన బోర్డు మీద ‘తీయడంలోనే చెడిపోయిన సినిమా, చూసి మాట్లాడుకుందాం’ అని పెద్ద అక్షరాలతో రాయించాను. చదివి కూడా నమ్మకుండా వచ్చినవారికి నేనేం చేయగలను? మీ కోపంలో మాత్రం న్యాయం ఉంది. పోయిన నెల రెండో భాగం చూసి, న్యూట్ అనే ఆ పాప ప్రాణాలతో బయటపడిందని తేలికపడిన మనసుతో ఇళ్లకు వెళ్లారు. మూడో భాగంలో పేర్లు పడడం పూర్తయ్యేలోపే ఆ పాపనూ, ఆమెతో బయటపడిన సైనికుడు హిక్స్‌నూ చంపేశారు. నాకైతే సగం సినిమా అక్కడే పోయింది.

సినిమా అయ్యాక టీ దగ్గర ఒక మాస్టారు, ‘సినిమాలో వీళ్లు ఖైదీలన్నారు, మరి మఠంలో ఉన్నట్టు ఆ ప్రార్థనలేమిటి?’ అని అడిగారు. బస్సుల వేళ కావడంతో ఆ రోజు మాట పూర్తి కాలేదు, ఇప్పుడు చెబుతాను.

విన్సెంట్ వార్డ్ అనే న్యూజిలాండ్ దర్శకుడు అనుకున్న కథలో అసలు జైలే లేదు. చెక్కతో చేసిన ఒక గ్రహం, దాని మీద మఠం, అందులో సన్యాసులు. ఆ సెట్ల పని కూడా మొదలైంది. నిర్మాతలకూ ఆయనకూ పొసగక ఆయన వెళ్లిపోయాక, మఠం జైలయింది, సన్యాసులు ఖైదీలయ్యారు, భక్తి మాత్రం తీసేసేవారు లేక మిగిలిపోయింది. అంతకుముందే విలియం గిబ్సన్ అనే నవలా రచయిత రాసిన కథ మూలపడింది, రెనీ హార్లిన్ అనే దర్శకుడు విసిగి తప్పుకొన్నారు. ఇంత గందరగోళంలోనూ ప్రచారం ఆగలేదు. 1991లో వదిలిన టీజర్‌లో ఆ జీవి ఈసారి భూమి మీదికే వస్తుందని ఊరించారు. 1992 మే నెలలో సినిమా వచ్చింది. అందులో భూమే లేదు! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

చివరికి ఈ భారమంతా డేవిడ్ ఫించర్ నెత్తిన పడింది. అప్పటికి ప్రకటనలు, పాటల వీడియోలు తీసిన 28 ఏళ్ల యువకుడు, ఇదే మొదటి సినిమా. స్క్రిప్టు తేలకుండానే ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో షూటింగ్ మొదలుపెట్టారు. తర్వాత లాస్ ఏంజలెస్‌లో కొన్ని దృశ్యాలు మళ్లీ తీశారు. 2003లో నిర్మాణ సంస్థ అరగంట ఎక్కువ నిడివితో మరో కూర్పు సిద్ధం చేస్తే, ఆయన దానిలో పాలుపంచుకోలేదు. తెర మీద మనకు దక్కిందేమిటంటే, గుండ్లు చేయించుకొన్న మనుషులు చీకటి దారుల్లో పరుగెత్తడం. ఎవరు పోయారో, ఎవరు మిగిలారో గుర్తుపట్టలేం, కాబట్టి ఎవరు పోయినా బాధ కలగదు. కథానాయిక సిగోర్నీ వీవర్ ఒక్కరే ఆ బరువంతా మోశారు.

షూటింగ్‌లో కష్టాలు వస్తే సినిమా పాడవక తప్పదా అంటే, అదీ కాదు. ఆ 1991లోనే మన ‘ఆదిత్య 369’ వచ్చింది. కెమెరా మొదట పట్టిన పి.సి.శ్రీరామ్ గారు ఆరోగ్యం బాగాలేక తప్పుకొన్నారు. వి.ఎస్.ఆర్.స్వామి గారు, కబీర్‌లాల్ గారు మిగతాది పూర్తి చేశారు. ‘ఏలియన్ 3’ లోనూ అచ్చంగా ఇలాగే, కెమెరా పట్టిన జోర్డాన్ క్రోనెన్‌వెత్ పార్కిన్సన్స్ జబ్బు వల్ల మధ్యలో ఆగిపోతే అలెక్స్ థామ్సన్ వచ్చారు. కెమెరా చేతులు మారినందుకు ఏ సినిమా చెడలేదు. సింగీతం గారికి తన కాలయంత్రం రాయలవారి కొలువులో ఎప్పుడు దిగాలో, భవిష్యత్తులోకి ఎప్పుడు వెళ్లాలో తెలుసు. అక్కడివారికి తమ ఓడ ఎక్కడ కూలాలో కూడా సెట్లు కట్టాక గానీ తేలలేదు.

ఇక కొత్త హాలు. సంక్రాంతికి తెరుస్తామని బ్యానర్ కట్టమని, ఏడాది పాసులు ఇప్పుడే అమ్మమని శ్రేయోభిలాషులు చెబుతూనే ఉన్నారు. శ్లాబు పడింది కానీ గోడలకు శబ్దం ఆపే పని మొదలు కాలేదు, కరెంటు కనెక్షన్ రాలేదు. పక్క వీధి పెళ్లి బాజాల మధ్య మీకు సినిమా చూపించి డబ్బు తీసుకోలేను. ఆ రెండూ పూర్తయ్యేదాకా తేదీ చెప్పను, ఒక్క రూపాయి ముందుగా వసూలు చేయను. అప్పటిదాకా ఈ పాత హాలే, ఈ ఫ్యాన్లే.

వచ్చే ఆదివారం 2003 నాటి ఆ పొడవైన కూర్పు వేస్తున్నాను. దీనిలో ఆ జీవి కుక్కలోంచి కాదు, ఎద్దులోంచి పుడుతుంది. మనుషులు కాస్త మనుషుల్లా కనబడతారు. గొప్ప సినిమా అయిపోయిందని మాత్రం అనను. పాత టికెట్ ముక్క తెచ్చినవారికి సగం ధర. శ్రీకాకుళం, బొబ్బిలి వైపు వెళ్లేవారికి బస్సు అందేలా ఆట సాయంత్రం నాలుగున్నరకే మొదలవుతుంది. టికెట్ ధర పెంచడం లేదు. మిర్చి బజ్జీల ధర పెంచుతున్నాను, నూనె ఎంత పలుకుతోందో మీకూ తెలుసు.