కరోనా గడువు కథ ముగిసింది, మా రేట్లూ మారుతున్నాయి

చిత్తూరు కోర్టు దగ్గర మా టైపింగు, జిరాక్సు షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. ఒకటో తేదీ నుంచి రేట్లూ టైములూ మారుతున్నాయి. చెప్పాపెట్టకుండా బోర్డు మార్చేస్తే బాగుండదని రాస్తున్నా.

ముందు ప్రోనోట్ల సంగతి. ఇప్పటికీ ఎవరో ఒకరు మడతలు పడిన నోటు తెచ్చి, "అన్నా, కరోనా టైము కలుస్తుంది కదా" అంటున్నారు. ఇక కలవదు.

నోటు మీద దావా వేయడానికి మూడేళ్ల గడువు. లాక్‌డౌన్‌లో జనం కోర్టుకు రాలేరని సుప్రీంకోర్టు 2020 మార్చి 23న తనంతట తానే కేసు తీసుకుని గడువులు ఆపింది. చివరికి 2022 జనవరి 10 ఆర్డరులో, 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయమంది. ఆ మధ్యలో గడువు తీరే కేసులకు 2022 మార్చి 1 నుంచి 90 రోజులిచ్చింది, అంతకన్నా ఎక్కువ మిగిలుంటే ఆ మిగిలిందంతా. అంటే 2017 ఏప్రిల్ 20న రాసిన నోటుకు 2020 మార్చి 15 నాటికి నెల పైచిలుకే మిగిలున్నా 90 రోజులు దొరికాయి. ఎంత ధారాళంగా లెక్కేసినా, కరోనాలోనే రాసిన నోటుకైనా సరే, 2025 ఫిబ్రవరి 28తో ఆ వెసులుబాటు తీరిపోయింది.

మధ్యలో చెల్లు (కొంత కట్టినట్టు నోటు మీద రాత) పడుంటే వేరే మాట. అదీ గడువు లోపల పడాలి, అప్పు తీసుకున్న మనిషి చేతిరాతో సంతకమో ఉండాలి. మొన్న ఒకాయన నోటు తిప్పి చూస్తే, మూడు చెల్లులూ అప్పిచ్చిన ఈయన రాసుకున్నవే, ఒకే పెన్ను, ఒకే ఇంకు. నేను ప్లీడరును కాను, టైపు కొట్టేవాణ్ణి. నోరు మూసుకుని దావా కొట్టిచ్చి డబ్బులు తీసుకోవచ్చు. రేపు కోర్టు ఫీజు కూడా పోయాక తిట్లు నాకే. అందుకే ముందు ప్లీడరు దగ్గరికి పొమ్మన్నా.

చెక్కు బౌన్సు కేసైతే ఇంకా తొందర. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పోవాలి, అది అందాక 15 రోజులు చూడాలి, ఆ తర్వాత నెలలోపల కేసు వేయాలి.

2021లో రెండో వేవ్ తగ్గాక మా దగ్గర ఎక్కువ కొట్టింది వారసుల పిటిషన్లే. పార్టీ చనిపోతే 90 రోజుల్లో వారసుల్ని కేసులో చేర్చాలి. వాయిదాకు వచ్చిన ప్రతిసారీ మా బల్ల మీద కూర్చుని టీ తాగే పెద్దాయన పేరు పక్కన "చనిపోయినారు" అని కొట్టి, కింద భార్య పేరు, పిల్లల పేర్లు వరసగా ఎక్కించాల్సొచ్చింది. కరోనాతో పోయినవాళ్లకు 50 వేల సాయం దరఖాస్తులు కూడా అప్పుడే. వాటికి నేను డబ్బులు తీసుకోలేదు.

ఇక ఈ-ఫైలింగు, అంటే కేసు కాగితాలు ఆన్‌లైన్‌లో వేయడం. అది వస్తే జిరాక్సు షాపులు మూసుకోవాల్సిందే అన్నారు. నాకైతే పని రెండింతలైంది. స్కానూ కావాలి, కాగితమూ కావాలి. హైకోర్టు వాదనకు రాత్రి బస్సులో విజయవాడ పోయే ప్లీడర్లు కొందరు ఇప్పుడు మా వెనక గదిలో కూర్చుని వీడియోలోనే కానిచ్చేస్తున్నారు. సాక్ష్యాలకు మాత్రం కరోనా మొదట్లో ఇది కుదర్లేదు. రెండు పార్టీలూ ఒప్పుకుంటే తప్ప వీడియోలో సాక్ష్యం తీసుకోవద్దని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో చెప్పింది. కింది కోర్టుల్లో విచారణలు అప్పట్లో పేరుకుపోవడానికి అదీ ఒక కారణం. మీ వాయిదా ముందుకు జరగలేదని గుమాస్తా మీద అరిచేవాళ్లు ఇది కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ గదికి నెట్టు, యూపీఎస్, కొత్త స్కానరు పెట్టించాను. ఆ ఖర్చుకే రేట్లు పెరుగుతున్నాయి. టైపు పేజీకి 35 రూపాయలు, స్కాను పేజీకి 3. జిరాక్సు పాత రేటే. ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా చూసి చెప్పడానికి ఎప్పటిలాగే ఏమీ తీసుకోను. గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం రెండు దాటాక తెచ్చిన దావా మాత్రం ముట్టుకోను, ఎంత దగ్గరివాళ్లైనా సరే. ఖాతా రాయించుకునే గుమాస్తాలు నెలాఖరుకు తీర్చేయండి సామీ, స్కానరు కంతు ఐదో తేదీకి కట్టాలి.

ఆదివారం పొద్దున పదకొండు దాకా తెరిచే ఉంటాం. కోర్టు రద్దీ ఉండదు కాబట్టి నోట్లూ చెక్కులూ అప్పుడు తెస్తే తేదీలు తీరిగ్గా చూసుకోవచ్చు.