పద్దూకి, కోచింగ్ ఫీజు గురించి

శ్రీకాకుళం

చి. ల. సౌ. పద్మజకు నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. ఆదివారం ఫోన్లో నువ్వు అడిగినదానికి జవాబు చెప్పేలోపే నీకేదో ఆఫీసు కాల్ వచ్చి పెట్టేశావు. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

"యూట్యూబ్‌లో అన్నీ ఊరికే దొరుకుతుంటే వ్యాయామం చేయించే కోచ్‌కి నెలనెలా వేలు పోయడం దండగ కాదా నాన్నా?" అన్నావు. సర్వీసంతా డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి, నా మొగ్గు ఎటో నీకు తెలుసు. అయినా చెబుతా విను.

సంక్రాంతికి వచ్చినప్పుడు డాబా మీద ఫోన్ పిట్టగోడకి ఆనించి బస్కీలు తీశావు గుర్తుందా? ఫోన్లో అమ్మాయి "ఇంకో పది" అంటోంది. నువ్వేమో కిందికి దిగేసరికి మడమలు లేస్తున్నాయి, కుడి మోకాలు లోపలికి వాలిపోతోంది. ఆ అమ్మాయికి నువ్వు కనపడవు కదా! రోజంతా కుర్చీలో ఉండేవాళ్లకి చీలమండలు బిగుసుకుపోతాయి. తెలిసినవాడైతే ముందు వెనకాల స్టూల్ వేసి, దాని మీద కూర్చుని లేవమంటాడు. మడమల కింద సన్నటి చెక్క పెడతాడు. మోకాలు నిలబడ్డాకే స్టూల్ ఎత్తు తగ్గిస్తాడు, ఆ తర్వాతే చేతికి బరువిస్తాడు. నువ్వు కట్టే ఫీజు ఆ చూపుకి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన మన కరణం మల్లీశ్వరికైనా చిన్నప్పుడు దగ్గరుండి నేర్పింది కోచ్ అప్పన్న మాస్టారే.

రెండోది నీ ఉద్యోగం. రాత్రి పదింటిదాకా అమెరికా వాళ్లతో మాట్లాడి, పొద్దున్నే పిల్లల బాక్సులు సర్ది, ఇక ఈరోజు కాళ్లకా భుజాలకా అని ఆలోచించే ఓపిక ఎవరికుంటుంది? ఆ ఆలోచనేదో కోచ్ ముందే చేసి పెడతాడు. పైగా ఆరున్నరకి ఒక మనిషి నీకోసం ఎదురుచూస్తున్నాడంటే లేవక తప్పదు. మనవాళ్లకి మందుల కన్నా మొహమాటం బాగా పనిచేస్తుంది. మీ ఆఫీసులో రిలీజ్ పని ముంచుకొచ్చిన వారంలో గంట కుదరదంటే, మానేయమనకుండా ఇరవై నిమిషాలకి కుదించి ఇచ్చేవాణ్ణి చూసుకో.

పదివేల అడుగులు నడుస్తున్నాను, చాలదా అంటావు. నడక మంచిదే, మానకు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు, రెండు రోజులు కండరాలకి పని పెట్టమని కూడా చెబుతోంది. ఆ రెండో ముక్క ఎవరూ చదవరు. వయసు పెరిగేకొద్దీ కండ తరుగుతూనే ఉంటుంది, నడక ఒక్కటే దాన్ని ఆపలేదు. మీ అమ్మ ఇప్పుడు చెయ్యి ఊతం లేకుండా పీట మీంచి లేవలేకపోతోంది, చూశావుగా.

తిండి సంగతీ అంతే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. నీ 62 కిలోలకి 50 గ్రాముల పైచిలుకు. గుడ్డుకి ఆరు గ్రాములు వస్తాయి. హడావిడిలో నువ్వు తినే రెండిడ్లీలు ఏ మూలకి?

కోచ్‌ని చూసి ఎంచుకో. నీ థైరాయిడ్ మాత్ర, నిద్ర, మోకాలు, ఇవన్నీ అడక్కుండానే మొదలెట్టినా, మొదటి వారమే ప్రొటీన్ పొడి డబ్బా అమ్మినా, "నెలలో పది కిలోలు తగ్గిస్తా" అన్నా నమస్కారం పెట్టి వచ్చేయ్. నువ్వు బరువెత్తుతుంటే తన ఫోన్ చూసుకునేవాడికి ఎన్ని సర్టిఫికెట్లుంటే ఏం లాభం? డిస్కౌంట్ అని ఏడాదికి ఒకేసారి కట్టకు, నెల కట్టి చూడు. ఆన్‌లైన్‌లో అయినా ఫర్వాలేదు, వీడియోలో నిన్ను పక్కనుంచి చూసి సరిదిద్దితే చాలు.

అల్లుడుగార్ని కూడా తోడు తీసుకెళ్లు. ఆయన పొట్ట గురించి మామగారిగా నేను రాస్తే బాగుండదు.

మొదటి నెల ఫీజు నీ అకౌంట్‌లో వేశాను. పుట్టినరోజు చీర డబ్బులే అవి. అమ్మకి మాత్రం చెప్పకు, చీర విడిగా కొంటానంటోంది.

ఇట్లు,
నాన్న