మా సైన్స్ ల్యాబ్ మాకు ఇప్పించండి: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా ఉన్నత పాఠశాలలో కొత్త తరగతి గదుల పని స్లాబ్ వేశాక ఆగిపోయింది. గదులు చాలక సైన్స్ ల్యాబ్‌లో ఎనిమిదో తరగతి నడుపుతున్నారు. అమ్మీటర్లు, వోల్ట్‌మీటర్లు బీరువాలోనే ఉన్నాయి. ఓమ్ నియమాన్ని బోర్డు మీదే చూశాం. వోల్టేజీ పెంచితే కరెంటు ఎంత పెరుగుతుందో మా చేతులతో కొలిచి గ్రాఫ్ గీయలేదు. ప్రాజెక్టంటే షాపులో చార్టు కొనడమే అయింది. ఆ డబ్బుల్లేక నా పక్కన కూర్చునే అమ్మాయి ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు బడికే రాదు. లెక్కల్లో తనే క్లాస్ ఫస్ట్.

మా తల్లిదండ్రుల అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను. 1928లో రామన్ ఎఫెక్ట్ కనుగొన్న గుర్తుగా ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుతారు. ఆలోపు గదులు పూర్తి చేయించి, ల్యాబ్ తెరిపించండి. పని ముగిసే తేదీని రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థిని