ఆదోనికి వూచ్ ఆదర్శమా?

సంపాదకులకు,

మూతపడిన పత్తి మిల్లుల స్థలాల్లో షాపింగ్ మాల్ కడితే ఆదోనికి పూర్వవైభవం వస్తుందని, పోలండ్‌లోని వూచ్ నగరమే (మన పటాల్లో లోడ్జ్) అందుకు సాక్ష్యమని ఒక పాఠకుడు ఇటీవల ఈ శీర్షికలో రాశారు. ఆ ఊరి చరిత్ర మొదటినుంచి చూస్తే ఈ వాదన నిలవదు.

1423లోనే పట్టణ హోదా పొందినా, 1820 నాటికి వూచ్ ఎనిమిది వందల మంది కూడా లేని సంత ఊరు. ఆ ఏడాది ప్రభుత్వం దాన్ని బట్టల పరిశ్రమకు ఎంపిక చేసి, జర్మన్ ప్రాంతాల నుంచి తరలివచ్చిన నేతగాళ్లకు స్థలం, ఇల్లు కట్టుకోవడానికి కలప, కొన్నేళ్లపాటు పన్ను మినహాయింపు ఇచ్చింది. నాలుగు కిలోమీటర్లకు పైగా సాగే పియోత్ర్‌కోవ్‌స్కా వీధికి ఇరువైపులా ఆ స్థలాలు సన్నగా, లోతుగా ఉండేవి. వీధి ముఖాన ఇల్లు, ఆ ఇంట్లోనే మగ్గం. 1830ల చివర్లో లుడ్విక్ గేయర్ అనే పారిశ్రామికవేత్త అక్కడ ఆవిరి యంత్రంతో మిల్లు నడిపాడు. 1851లో రష్యాతో ఉన్న సుంకాల హద్దు తొలగిపోయి తూర్పున పెద్ద మార్కెట్ దొరకడంతో, 1914 నాటికి జనాభా దాదాపు 5 లక్షలకు చేరింది. పోలిష్, జర్మన్, యూదు, రష్యన్ కుటుంబాలు కలిసి బతికిన ఊరది. 1940లో నాజీలు పెట్టిన ఘెట్టోలో (యూదులను వేరుచేసి నిర్బంధించిన వాడలో) రెండు లక్షల మందికి పైగా యూదులను బంధించారు, వారిలో బతికి బయటపడినవారు చాలా తక్కువ.

ఆ సంపదంతా బయటి కొనుగోలుదారు మీద ఆధారపడినది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం యంత్రాల రాగి భాగాలను, తోలు బెల్టులను సైతం ఊడదీసుకుపోయింది. ఆ వెంటనే విప్లవంతో రష్యా మార్కెట్ చేజారింది. 1989 తర్వాత సోవియట్ ఆర్డర్లు ఆగిపోగా మిల్లులు వరసగా మూతపడ్డాయి. వాటిలో పనిచేసేవారిలో ఎక్కువమంది స్త్రీలే. ఇజ్రాయెల్ పోజ్నాన్‌స్కీ అనే పారిశ్రామికవేత్త కట్టించిన ఎర్ర ఇటుకల మిల్లు 2006లో మానుఫక్తూరా అనే మాల్‌గా తెరుచుకుంది. కట్టడం దక్కింది, సంతోషమే. అయితే మగ్గం మీద పనిచేసిన చేతులకు ఆ పని తిరిగి రాలేదు. 1980ల చివర 8.5 లక్షల దాకా ఉన్న జనాభా నేడు 6.5 లక్షల దరిదాపుల్లో ఉంది.

మనకు పనికొచ్చే ఉదాహరణ అక్కడే మరొకటి ఉంది. గేయర్ కట్టిన తెల్ల మిల్లు నేడు వస్త్ర మ్యూజియం. ఇక అసలు తేడా ఒకటుంది: వూచ్ చుట్టుపక్కల పత్తి మొక్క మొలవదు, దూది అంతా దిగుమతే. మనకు సీజన్ వస్తే పత్తి బండ్లు మార్కెట్ యార్డు బయటిదాకా బారులు తీరతాయి. ఇన్ని బోరాల పత్తి దిగే ఊళ్లో మాల్ గురించి ఎందుకు మాట్లాడుతున్నామో నాకు అంతుపట్టదు.

అందువల్ల ఆ స్థలాల్లో నూలు మిల్లు పెట్టేవారికి మొదటి అవకాశం ఇవ్వాలని, ఏదైనా కూల్చక తప్పదనుకుంటే, కనీసం ఒక జిన్నింగ్ (పత్తి నుంచి గింజలు వేరుచేసే) షెడ్డునైనా రోలర్లతో, బేళ్లు కట్టే ప్రెస్సుతో సహా ఉన్నచోటనే ఉంచాలని అధికారులను కోరుతున్నాను.

– విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, ఆదోని, కర్నూలు జిల్లా